లేఖావినోద చరిత్రము

మనుష్యుడు దూరమున నున్న మనుష్యునకు మాట పంపుట మొదలిడిన నాటినుండియు, ఆ మాటను దేనిపై వ్రాయవలెను, ఎవరిచేత పంపవలెను అను చింత వానికి కలుగుచునే యున్నది. అవసరమునకు వ్రాసిన లేఖలు కోట్లకొలది కలవు. అవి చదివిన మరునాడే మరపున పడును. వానిలో నేదో యొక్కటి మాత్రము వ్రాసినవాని స్వభావమును తన ముఖముననే ధరించి వచ్చి, అందుకొన్నవానిని నవ్వించి, పదిమందికి చూపి పెట్టెలో దాచుకొనునట్లు చేయును. అట్టి చిత్రమైన ఉత్తరముల చరిత్రమే ఈ వ్యాసమునకు విషయము. రజతోత్సవ సంచికయందు రాజుల చరిత్రమో, దేవాలయ చరిత్రమో యుండవలసిన చోట ఉత్తరముల ముచ్చట యేల యని పాఠక మహాశయులు అడుగవచ్చును. గ్రంథాలయమున నున్నది అచ్చుపడిన అక్షరము; ఉత్తరమున నున్నది అచ్చుపడని అక్షరము. రెండును ఒక తల్లి బిడ్డలే. ఈ బంధుత్వమువలన మన గ్రంథాలయమునకు ఏర్పడు కర్తవ్యమును తుదిని విన్నవించుకొందును.

ఈ వినోదము మన కవులకు కొత్త కాదు. కాళిదాసు రచించిన అభిజ్ఞానశాకుంతలమున మూడవ అంకమునందు శకుంతల దుష్యంతునకు ప్రణయలేఖ వ్రాయదలచెను. చెంత వ్రాత సాధనములు లేవు. అప్పుడు చెలికత్తె యగు ప్రియంవద తామరాకుపై గోటితో వ్రాయుమని ఉపాయము చెప్పెను. చేరవలసినవాడు చాటుననే పొంచియుండుటచే ఆ లేఖకు దూతతో పనిలేకపోయెను. విక్రమోర్వశీయమున ఊర్వశి భూర్జపత్రముపై వ్రాసిన లేఖ విదూషకుని చేజారి, గాలికి కొట్టుకొనిపోయి, తిన్నగా పట్టపురాణికే దొరకెను. చేరగూడని చేతికి చేరిన ఉత్తరములలో అంతకంటె ఇక్కట్టు తెచ్చినది నాకు మరియొకటి కనబడలేదు. నలునకు హంసయు, యక్షునకు మేఘమును దూతలైరి. అయితే ఈ దూతలెల్ల రాజులకును, దేవజాతులకును పనిచేసినవారే. సామాన్యుడు స్వల్పమైన ఖర్చుతో, తానెరుగని యూరికి తన హాస్యమును పంపుకొనుట ఆధునిక తపాలా ఏర్పడిన పిమ్మటనే సాధ్యమయ్యెను. కావున మన కథయు అచ్చటనుండియే నడువవలెను.

1840కి పూర్వము ఇంగ్లండు దేశమున ఉత్తరపు రుసుము దూరమునుబట్టియు, కాగితముల సంఖ్యనుబట్టియు నిర్ణయింపబడుచుండెను. ఆ రుసుమును సాధారణముగా పుచ్చుకొనువాడే చెల్లించుచుండెను. బీదవారు దీనికి ఒక ఉపాయము కనిపెట్టిరి. ముందుగా అనుకొన్న గుర్తు నొకదానిని ఉత్తరము పైభాగమున పెట్టి పంపుదురు. అవతలివాడు గుర్తును చూచి క్షేమము తెలిసికొని, సొమ్ము చెల్లింపక ఉత్తరమును తిప్పి పంపివేయును. బేరింగు ఉత్తరములకు రెట్టింపు రుసుము చెల్లించి విసుగుకొన్న మన పెద్దలకు ఈ తంత్రము వెంటనే బోధపడగలదు. రోలండ్ హిల్ అను సంస్కర్త 1837లో ఒక చిన్న పుస్తకము ప్రకటించి, దేశమంతటను ఒకే స్వల్ప రుసుము ఉండవలెననియు, దానిని పంపువాడే ముందుగా చెల్లించుట మేలనియు వాదించెను. 1840లో ఆ పద్ధతి అమలునకు వచ్చెను. అర ఔన్సు తూగు ఉత్తరము దేశమున నెంత దూరమైనను ఒక పెన్నీకి పోజొచ్చెను. ఆ మే నెలలోనే ప్రపంచమున మొదటి తపాలా బిళ్ళ వెలువడెను.

మన దేశమున 1854 అక్టోబరు 1వ తేదీన ఇట్టి యేర్పాటే జరిగెను. పావు తులము తూకము మించని ఉత్తరము దూరముతో నిమిత్తము లేక అర్ధణాకు చేరెడిది. ఈటెకు గజ్జెలు కట్టుకొని అడవిదారులలో పరుగెత్తిన హర్కారాలు దానిని మోసిరి. 1879 జులై 1వ తేదీన కాలణా కార్డు వచ్చెను. జమీందారు కార్డునకును, కూలివాని కార్డునకును ఒకే బిళ్ళ, ఒకే సంచి, ఒకే త్రోవ ఏర్పడెను. తపాలా వినోదమునకు ఈ సమత్వమే పునాది. ఎవడైనను ఎవనికైనను ఏమైనను పంపవచ్చునను నమ్మకము కలిగినపిమ్మట, ఏమి పంపుదమా యను కొంటెతనము దానంతట అదే వచ్చును.

ఆ కొంటెతనము వచ్చుటకు కాలము పట్టలేదు. పెన్నీ తపాలా పుట్టిన 1840లోనే లండనులోని ఫుల్‌హామ్ అను పేటకు ఒక చిత్రమైన కార్డు చేరెను. దానిపై పెద్ద సిరాబుడ్డి చుట్టును కూర్చుండి కలములు పట్టుకొన్న తపాలా గుమాస్తాల హాస్యచిత్రము చేతితో వ్రాయబడి యుండెను. విలాసమున నున్న పేరు థియొడోర్ హుక్ అను రచయితది. దానిని తనకు తానే పంపుకొనెనని విమర్శకుల యభిప్రాయము. లోకమున తెలియవచ్చిన చిత్రపు కార్డులలో మొదటిది ఇదియే. తమ్మునే వెక్కిరించు కార్డును ఆ గుమాస్తాలే ముద్ర వేసి, మోసికొనిపోయి, భద్రముగా అందజేసిరి. 2002లో వేలము వేయగా దానికి 31,750 పౌనులు వచ్చినవి.

తపాలా వినోదమున చక్రవర్తి యనదగినవాడు మాత్రము డబ్ల్యూ. రెజినాల్డ్ బ్రే అను ఆంగ్లేయుడు. ఇతడు 1879లో జన్మించెను. లండనులోని ఫారెస్ట్ హిల్ నివాసస్థానము. వృత్తిచేత లెక్కల గుమాస్తా. లెక్కల వ్రాతలో జీవితము గడుపు నావంటివానికి ఈ మాట చెప్పుటలో కొంత గర్వము లేకపోలేదు. జమాఖర్చుల చిట్టాలు వ్రాయువానికి హాస్యము తెలియదను అపవాదును ఇతడొక్కడే తొలగించినాడు. 1898లో బ్రే తపాలాశాఖవారు ప్రకటించు నిబంధనల పుస్తకమును కొనెను. అందరును ఆ పుస్తకమును రుసుము తెలిసికొనుటకు చూతురు. ఇతడు దానిని, పండితుడు వ్యాకరణమును చదివినట్లు, సూత్రము సూత్రముగా చదివెను. తేనెటీగ మొదలు ఏనుగువరకు తపాలాద్వారా పంపవచ్చునని అతనికి తోచెను. అంతటితో ప్రయోగములు ప్రారంభమైనవి.

ఒకనాడు టర్నిప్ దుంపపై విలాసము చెక్కి, బిళ్ళ అంటించి, ఏ కట్టును లేకుండ తపాలాలో వేసెను. మరియొకనాడు కుందేటి పుర్రెయొక్క ముక్కుటెముకపై విలాసము వ్రాసి, వెనుకవైపున బిళ్ళలు అంటించి పంపెను. టోపీ, సైకిలు పంపు, చొక్కా ముంజేతిపట్టీలు, బట్టల బ్రష్షు, ఎండిన సముద్రపు నాచు ఇట్లే ప్రయాణము చేసినవి. కొన్ని కార్డులపై విలాసమును పద్యరూపమున వ్రాసెను. కొన్నింటిపై అద్దమున చూచినగాని తెలియనట్లు అక్షరములు తిప్పి వ్రాసెను. కొన్నింటిపై అక్షరములకు బదులు బొమ్మలు పెట్టెను. స్కాట్లండు ఉత్తరమున ఆర్క్నీ దీవులయందు సముద్రములో సుమారు 450 అడుగుల యెత్తున నిలిచిన ఒంటిశిల కలదు. దానిని హోయ్ ముదుసలి యని పిలుతురు. ఆ శిల బొమ్మగల కార్డును, దానికి మిక్కిలి దగ్గరగా కాపురముండు మనుష్యునకు చేర్పవలసినదని వ్రాసి పంపెను. పేరు లేదు, ఇంటి గుర్తు లేదు. తపాలావారి బుద్ధికి అది పరీక్ష. అతని కార్డులలో కొన్ని చేరినవి. కొన్ని విలాసము చాలదను ముద్రతో తిరిగివచ్చినవి. తిరిగివచ్చినవానిని సయితము బ్రే సంతోషముతో దాచుకొనెను.

తన పెంపుడు కుక్కను పంపెను. 1900లో తన్ను తానే తపాలాలో పంపించుకొని, తన యింటికే చేర్పించుకొనెను. ఆ కాలమున ఇంగ్లండులో త్వరితముగా చేర్పవలసిన వస్తువునకు తపాలా దూతను తోడిచ్చు పద్ధతి యుండెను. మనుష్యుని వస్తువుగా ఎంచరాదని నిబంధనలలో లేదు. బ్రే రుసుము చెల్లించి, దూతవెంట నడచి, ఉత్తరమువలె గుమ్మముకడకు వచ్చి నిలిచెను. తరువాతి కాలమున అతడు ప్రసిద్ధుల చేవ్రాళ్ళు సేకరించుటలో పడి, చేవ్రాళ్ళ రాజు అని పేరుపొందెను. 1939లో మరణించునాటికి అతడు పంపిన చిత్రవస్తువులును, కోరికల లేఖలును 32,000 దాటినవని చెప్పుదురు.

ఇది వెర్రి యని త్రోసివేయుట సులభము. కాని బ్రే తన యుద్దేశమును తానే ప్రకటించినాడు. తపాలావారు అజాగ్రత్తపరులను నింద లోకమున నుండెను. వారి నేర్పును పరీక్షించి, వీలైనచో ఆ నిందను పోగొట్టుటయే తన సంకల్పమని అతడు వ్రాసెను. ఇచ్చట ఒక సూక్ష్మము కలదు. నియమము లేనిచోట వినోదము లేదు. చదరంగమున గుర్రము తన యిష్టము వచ్చినట్లు పోయినచో ఆటయే లేదు. టర్నిప్ దుంప చేరుటలో ఆనందము దుంపవలన కలుగలేదు. దానిని చేతబట్టుకొని, నవ్వు నాపుకొని, బిళ్ళపై ముద్ర కొట్టి, సరియైన తలుపు తట్టిన బంట్రోతు కర్తవ్యమువలన కలిగినది. పంపినవాని చమత్కారము సగము, మోసినవాని నిష్ఠ సగము. ఈ రెండును కలిసినప్పుడే చిత్రమైన ఉత్తరము పుట్టును.

ఇదే నిబంధన మరి తొమ్మిదేండ్లకు గంభీరమైన కార్యమున కుపయోగపడెను. ఆంగ్లస్త్రీలు ఓటుహక్కుకై పోరాడుచున్న కాలమది. ప్రధానమంత్రి ఆస్క్విత్ వారి ప్రతినిధులను కలిసికొనుటకు ఒప్పుకొనలేదు. 1909 ఫిబ్రవరి 23వ తేదీన డెయిసీ సొలొమన్, ఎల్‌స్పెత్ మెక్లెలండ్ అను ఇరువురు స్త్రీలు తపాలాకచేరికి పోయి, రుసుము చెల్లించి, తమ్ము ప్రధానమంత్రి నివాసమునకు మానవలేఖలుగా పంపుడనిరి. తపాలా బాలుడు వారిని డౌనింగు వీధివరకు తీసికొనిపోయెను. లోపలివారు ఆ లేఖలను పుచ్చుకొనలేదు. బాలుడు వారిని పంపినవారికే తిరిగి అప్పగింపవలసి వచ్చెను. అయినను పత్రికలయందు వారి చిత్రములు పడినవి, దేశము నవ్వెను, నవ్వినవారు ఆలోచించిరి. 1918లో ముప్పది యేండ్లు దాటిన స్త్రీలలో అనేకులకును, 1928లో పురుషులతో సమానముగా అందరికిని ఓటు లభించెను. ఒక్క లేఖవలన లభించెనని నేననను. కాని హాస్యము అధికారపు తలుపును ఒకింత కదల్పగలదని ఈ కథ తెలుపుచున్నది.

ఇంతవరకు చెప్పినవారు కోరి వింతలు చేసినవారు. అవసరమువలన వింతయైన తపాలా వేరొకటి కలదు. పసిఫిక్ మహాసముద్రమున టోంగా రాజ్యమునకు ఉత్తరపు కొనను నియువాఫోఊ అను అగ్నిపర్వత ద్వీపమున్నది. దానికి రేవు లేదు. ఓడలు ఒడ్డునకు రాలేవు. 1882లో అచ్చటి కొబ్బరితోటను చూచుకొను విలియం ట్రావర్స్ అను దొర ఏకాంతమునకు తాళలేక, తన ఉత్తరములను రేకుడబ్బాలో మూసి సముద్రమున పడవేయవలసినదని దారిని పోవు ఓడలవారిని వేడుకొనెను. ద్వీపవాసులు ఈదిపోయి డబ్బాను తెచ్చెడివారు. ద్వీపమునుండి పోవలసిన ఉత్తరములను నూనెకాగితమున చుట్టి, కఱ్ఱ చివర కట్టి, తడవకుండ పైకెత్తి పట్టుకొని ఓడవరకు ఈదెడివారు. చార్లెస్ రామ్సే అను వర్తకుడు ఇట్లు నూరు పర్యాయములకు మించి ఈదెను.

1931లో ఈతగాని నొకనిని సొరచేప పొట్టనబెట్టుకొనెను. అంతట టోంగా రాణి సలోటె ఈతను నిషేధింపగా, దోనెలు ఆ పనికి నియోగింపబడినవి. క్వెన్సెల్ అను జర్మను వర్తకుడు ఆ ఉత్తరములపై డబ్బా తపాలా అని పలుభాషలలో ముద్రలు వేయసాగెను. ఆ ముద్రగల కవరుకొరకు లోకమందలి సేకరణప్రియులు ఆరాటపడిరి. విహారపు ఓడలు దారిమళ్ళి ఆ ద్వీపముకడ ఆగినవి. 1946లో అగ్నిపర్వతము ప్రేలగా జనులందరును ద్వీపము విడువవలసి వచ్చెను; 1958 మొదలు తిరిగి చేరుకొనిరి. 1983లో విమానములు దిగుటకు స్థలమేర్పడగా డబ్బా తపాలా ముగిసెను. మన చేతికి వచ్చు కాగితము వెనుక ఎవని ప్రాణమున్నదో మన మెరుగము. ఆ డబ్బాలోని పత్రములలో ఎక్కువభాగము సామాన్యమైన క్షేమసమాచారములే యై యుండును. వానికొరకే ఒక మనుష్యుడు సొరచేప నోట పడినాడు.

మన దేశమును ఈ విషయమున వెనుకబడలేదు. 1911 ఫిబ్రవరి 18వ తేదీన అలహాబాదు ప్రదర్శన స్థలమునుండి ఆన్రీ పెకె అను ఫ్రెంచి వైమానికుడు సుమారు 6,500 ఉత్తరములను విమానమున నెక్కించుకొని, యమున దాటి, ఆరు మైళ్ళ దూరమున నున్న నైనీకి చేర్చెను. ప్రభుత్వ అనుమతితో విమానమున పోయిన తపాలాలో ప్రపంచమున అదియే మొదటిది. ఆరు మైళ్ళు నడచిపోయినను పెద్ద శ్రమ లేదు. అయినను వేలమంది అధికరుసుము చెల్లించి ఆకాశమార్గమున పంపుకొనిరి. తమవారు ఆ ముద్రను చూచి ఆశ్చర్యపడుదురను ఆశయే కారణము. కలకత్తాలో స్టీఫెన్ స్మిత్ అను ఆయన 1934 మొదలు పదేండ్లు తారాజువ్వలవంటి రాకెట్లలో ఉత్తరములు పెట్టి నదులమీదుగా, సిక్కిము కొండలలోను ప్రయోగించెను. 1935లో ఒక కోడిపుంజును, పెట్టను రాకెట్టున పెట్టి దామోదరనది దాటింపగా అవి ప్రాణములతోనే అవతలి ఒడ్డున దిగినవి. 1992లో భారత తపాలాశాఖ ఆయన స్మారకముగా బిళ్ళను వెలువరించెను.

ఇక మన గ్రామములకు వత్తము. మన ఉత్తరములకు విమానములు, రాకెట్లు లేకపోయినను స్వభావమునకు కొదువలేదు. శుభలేఖ నాలుగు మూలల పసుపు పూసికొని నవ్వుచు వచ్చెడిది. అశుభవార్త తెచ్చిన కార్డును గుమ్మము వెలుపలనే చదివి చింపివేసెడివారు. ఉభయకుశలోపరి అను మాట చూడగానే సగము మనసు కుదుటపడెడిది. మా మేనమామ యొకరు కార్డు నడుమనుండి మొదలుపెట్టి శంఖమువలె చుట్టుచు వ్రాసెడివారు. దానిని చదువవలెనన్న కార్డునైనను త్రిప్పవలెను, మనమైనను తిరుగవలెను. తపాలా బంట్రోతు మా యింటి అరుగుపై కూర్చుండి, ఆయన కార్డు వచ్చినదనగా, చదివి వినిపించువరకు కదిలెడివాడు కాదు.

నేను పదవ తరగతి చదువు దినములలో, చదువురానివారి ఉత్తరములు రామాలయపు అరుగుపై చదివి పెట్టెడివాడను. ఒకనాడు బొంబాయికి తాపీపనికి పోయిన కుఱ్ఱవాని కార్డు వచ్చెను. విలాసము ఎవరో వ్రాసిపెట్టిరి. వెనుకవైపున ఒక్క అక్షరమైనను లేదు. తన యెడమచేతిని కార్డుపై ఆనించి, చుట్టును పెన్సిలుతో గీసినాడు, అంతే. ఏమి చదువుదునా యని నేను తడబడుచుండగా, అతని తల్లి కార్డును లాగికొని చూచెను. చిన్నతనమున కొడవలి తెగి వంకరపోయిన చిటికెనవ్రేలు ఆ గీతలో స్పష్టముగా నుండెను. "ఇది మావోడి చెయ్యే నాయనా, చదవక్కర్లేదు" అని ఆమె తన అరచేతిని దానిపై ఆనించుకొనెను. బ్రే పంపిన వేల వస్తువులలో ఇంతటి ఉత్తరము ఒక్కటి యుండునా యని నాకు సందేహము. ఆ కార్డు నేడు లేదు. ఒక వానకాలమున ఆమె యిల్లు కూలినప్పుడు తడిసి మట్టిలో కలిసిపోయెను.

పల్లెయే లోకమునకు దూరమని నిరుత్సాహపడువారికి తుమ్మపూడి గ్రామమును చూపవలెను. గుంటూరు సీమయందలి ఆ యూర 1914లో జన్మించి 1999లో కీర్తిశేషులైన సంజీవదేవ్ గారు స్వయంకృషిచే కళావిమర్శకులై, కులూ లోయలోని రోరిక్ చిత్రకారుని మొదలు దేశదేశముల కళావేత్తలతో స్నేహము చేసిరి. ఆ స్నేహలత తపాలా నీటితోనే పెరిగెను. ఆయన లేఖలు గ్రంథములుగా వెలువడినవి. ఉత్తరము భద్రపడినచో సాహిత్యమగునని ఆ గ్రామము నిరూపించెను.

కాలము మారినది. మన దేశమున తంతివార్త 2013 జులైతో నిలిచెను. డెన్మార్కు దేశమున ప్రభుత్వ తపాలా సంస్థ 2025 డిసెంబరుతో ఉత్తరముల బట్వాడా చాలించెను. చేతిఫోనున వార్త క్షణములో చేరుచున్నది, అది మేలే. కొడుకు బొంబాయినుండి ముఖము చూపి మాటలాడుచుండగా కార్డుకై ఎదురుచూడుమని యే తల్లికిని నేను చెప్పను. కాని ఫోనుతోపాటు ఆ మాటయు మాయమగును. వందయేండ్ల పిమ్మట మన గ్రామ చరిత్రము వ్రాయబూనువానికి భూముల లెక్కలు దొరకును, పన్నుల లెక్కలు దొరకును. మనము ఎట్లు నవ్వితిమో, ఒకరినొకరు ఎట్లు తలచుకొంటిమో తెలుపు పత్రము దొరకదు. లెక్కలు వ్రాయువాడను గనుక చెప్పుచున్నాను: ఆ పద్దు ఏ చిట్టాలోను ఎక్కలేదు.

కావున గ్రంథాలయ నిర్వాహకులకును, చందాదారులకును నా మనవి రెండు మాటలు. మొదటిది: ప్రతి యింటివారును తమ పెట్టెలో మిగిలిన పాత ఉత్తరములలో ఒక్కదానినైనను, ఇంటి గుట్టు బయటపడనిదానిని ఎంచి, గ్రంథాలయమునకు ఒప్పగింపవలెను. చెదలు చేరని బీరువాలో ఒక అర వానికి కేటాయింపవలెను. రెండవది: సంవత్సరమున కొక్కసారియైనను ఎవరికైనను చేతితో ఉత్తరము వ్రాయుడు. హిమాలయములలోని స్పితి ప్రాంతమున సుమారు 4,400 మీటర్ల యెత్తున హిక్కిమ్ అను చిన్న తపాలాకచేరి కలదు. అచ్చటికి పోయిన యాత్రికులు తమకు తామే కార్డులు వ్రాసికొనుచున్నారు. అంత దూరము పోనక్కరలేదు. మన వీధి చివరనుండి పంపినను చాలును. శంఖమువలె చుట్టి వ్రాయుడు, బొమ్మ గీయుడు, చేతి యంచును గీయుడు. అందుకొన్నవారి ముఖమున కలుగు చిరునవ్వు మీకు కనబడకపోవచ్చును. అది కలుగుననుట మాత్రము నిశ్చయము.

గ్రంథాలయము చిరకాలము వర్ధిల్లుగాక.